చెల్లె బిడ్డతో విమానం ఎక్కాలంటే ఏ కాగితాలు కావాలి?

ప్రయాణాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జడ్చర్లకు చెందిన, శంషాబాద్ విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్‌లో కొన్నేళ్లు పనిచేసిన ఒక మాజీ ఉద్యోగిని జవాబులు.

ప్రశ్న: మా చెల్లె, మరిది ముంబయిలో ఉంటారు. వాళ్ల పాపకు ఏడేళ్లు. సెలవులకు మా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు నేనే విమానంలో తీసుకెళ్లి దింపి రావాలి. పాప ఇంటిపేరు వేరు, నాది వేరు. తల్లిదండ్రులు వెంట లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని, నోటరీ అఫిడవిట్ చేయించుకోవాలని మా ఊరి జిరాక్స్ సెంటర్ ఆయన అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మక్తల్

జవాబు: నోటరీ అక్కర్లేదమ్మా. ఆ డబ్బులతో పాపకు బిస్కెట్లు కొనండి. విదేశాలకు పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు అడిగే అనుమతి పత్రాల సంగతి ఎక్కడో విని, దాన్నే మన దేశంలో తిరిగే విమానాలకూ అంటగడుతున్నారు. పెద్దమ్మతోనో మేనమామతోనో హైదరాబాద్ నుంచి ముంబయికి వెళ్లే పిల్లకు తల్లిదండ్రుల అఫిడవిట్ కావాలనే నిబంధన లేదు.

విమానాశ్రయాల భద్రతా నియమాలు పెట్టేది బీసీఏఎస్ అనే కేంద్ర సంస్థ. గుర్తింపు కార్డు ఉన్న తల్లిదండ్రులతో గానీ సంరక్షకులతో గానీ వచ్చే మైనర్లు వేరే కార్డు చూపనక్కర్లేదని దాని నియమం. ఇక్కడే చిన్న మెలిక ఉంది. పెద్దమ్మ సంరక్షకురాలి కిందికి వస్తుందా రాదా అని గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవానుతో వాదన పెట్టుకుంటే, వెనక క్యూలో ఉన్నవాళ్లంతా మిమ్మల్నే చూస్తారు. ఆ వాదనే రాకుండా పాప ఆధార్ ఒరిజినల్ వెంట పెట్టుకోండి. మీ ఆధార్ సరేసరి. ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు కూడా చెల్లుతాయి. జిరాక్స్ చెల్లదు. మరిది వాట్సాప్‌లో పంపిన ఫోటో అసలే చెల్లదు. ఫోన్‌లో చూపించాలంటే ఎంఆధార్, డిజీలాకర్ లాంటి ప్రభుత్వ యాప్‌లోనే చూపాలి.

పాపకు ఐదేళ్లలోపు తీసిన నీలిరంగు బాల ఆధార్ ఇంకా అలాగే ఉంటే, ఐదేళ్లు దాటాక వేలిముద్రలు, కంటిపాప వివరాలు ఇవ్వాలి కాబట్టి ఈ వంకతోనైనా ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లండి. ఆ ఫోటోలో నెలల పిల్లగా ఉండి, ఎదురుగా రెండు జడల పిల్ల నిలబడితే చూసేవాళ్లకు పోల్చుకోవడం కష్టం.

ఇంటిపేరు గురించి దిగులు వద్దు. మన దగ్గర పెద్దమ్మకూ చెల్లె బిడ్డకూ ఇంటిపేరు కలవదని అందరికీ తెలిసిందే, ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేది టికెట్ మీది పేరు. ఇంట్లో ‘చిన్ని’ అని పిలుస్తాం కదా అని మరిది టికెట్ మీద కూడా చిన్ని అనే కొట్టిస్తే, ఆధార్‌లో ఉన్న పేరుతో పొంతన ఉండదు. నేను కౌంటర్‌లో ఉన్న రోజుల్లో పిల్లల విషయంలో ఎక్కువ గొడవ ఈ ముద్దుపేర్ల దగ్గరే. ఒకటి రెండు అక్షరాల తప్పయితే విమాన సంస్థ కాల్ సెంటర్‌కు ముందే ఫోన్ చేసి సరిచేయించుకోవచ్చు. పేరు మొత్తంగా వేరైతే ఆ టికెట్ ఇంకొకరిదన్నట్టే లెక్క, కొత్తది కొనాల్సి వస్తుంది. టికెట్ రాగానే ఆధార్ పక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకోండి.

మీ ఇద్దరి టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద తీయమని చెప్పండి. మీది ఇక్కడ, పాపది ముంబయిలో మరిది విడిగా తీస్తే సీట్లు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి పడతాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లి, తండ్రి లేదా సంరక్షకుల్లో ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమాన సంస్థలకు చెప్పింది. పీఎన్‌ఆర్ వేరైతే ఆ మాట ఎత్తడానికీ ఉండదు. రైల్లోలా హాఫ్ టికెట్ ఉంటుందనుకోకండి. రెండేళ్లు నిండిన పిల్లకు పూర్తి సీటు, దాదాపు పెద్దవాళ్ల ఛార్జీయే.

ఇక నియమం అడగకపోయినా నేను తీసుకెళ్లమనేది ఒకటుంది. చెల్లెతో తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాయించి సంతకం పెట్టించండి: పాప పేరు, పుట్టిన తేదీ, ఫలానా తేదీన మా అక్క ఫలానా ఆమెతో హైదరాబాద్ నుంచి ముంబయికి వస్తోంది, మాకు సమ్మతమే, మా ఫోన్ నంబర్లు. కింద ఇద్దరి ఆధార్ జిరాక్స్ జత చేస్తే చాలు. ఇంగ్లీషులోనో హిందీలోనో రాయమనండి. గేటు దగ్గర ఉండే జవాన్లలో చాలామంది వేరే రాష్ట్రాల వాళ్లు, తెలుగు ఉత్తరం వాళ్లకు పనికిరాదు. ఆ రోజు ఫోన్ ఎత్తమని చెల్లెకు మరీ మరీ చెప్పండి. అనుమానం వస్తే ముందు అడిగేది అమ్మకు ఫోన్ కలపమనే.

అనుమానం ఎందుకొస్తుందంటారా? పిల్ల ఏడిస్తే వస్తుంది. మేం కౌంటర్ మీద నుంచి వంగి, “ఎవరితో వచ్చావమ్మా?” అని అడిగేవాళ్లం. పిల్ల సిగ్గుతో కొంగు చాటుకు పోయేది, పక్కనున్న పెద్దామెకు టెన్షన్. “అమ్మ పేరేంటి?” అంటే “అమ్మ” అనే పిల్లలు ఎందరో! అమ్మానాన్నల పూర్తి పేర్లు, ఒక ఫోన్ నంబరు పాపకు కంఠతా పట్టించండి. మిమ్మల్ని ‘పెద్దమ్మ’ అనే పిలవమనండి.

ప్రశ్న: మా మనవడికి తొమ్మిదేళ్లు. మిర్యాలగూడలో మా దగ్గరుంటాడు. ఢిల్లీలో ఉన్న మా కొడుకు దగ్గరికి ఒక్కడినే పంపొచ్చా? తోడు వెళ్లే ఓపిక నాకు లేదు.
– ఒక తాతగారు

జవాబు: పంపొచ్చు గానీ మామూలు టికెట్ కొని పంపకూడదు. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు ఒంటరిగా వెళ్లడానికి విమాన సంస్థల్లో వేరే ఏర్పాటు ఉంటుంది, దానికి అదనపు ఛార్జీ ఉంటుంది. వెబ్‌సైట్‌లో కాకుండా సంస్థకు ఫోన్ చేసి ముందే మాట్లాడండి. మధ్యలో మారే విమానం కాకుండా నేరుగా వెళ్లేదే తీయండి. ఒక ఫారం నింపాలి. అందులో ఇక్కడ దింపేవాళ్ల పేరు, అక్కడ తీసుకునేవాళ్ల పేరు రాస్తారు. అక్కడ మీ కొడుకు పేరు రాసి, ఆ రోజు డ్యూటీ ఉందని కోడలు వస్తే బాబును చేతికివ్వరు. అది మీకు కోపం తెప్పించే నియమమే, కానీ నేను దానికే ఓటేస్తాను. విమానం లేచేదాకా మీరు ఎయిర్‌పోర్టులోనే ఉండాలి. తోడు లేని పిల్లవాడు కాబట్టి బాబుకు సొంత గుర్తింపు కార్డు తప్పనిసరి.

పన్నెండు దాటిన పిల్లలను సంస్థలు పెద్దవాళ్ల లెక్కలోనే చూస్తాయి. అప్పుడు ఈ సేవ కంటే ఆధార్ ఒక్కటే ముఖ్యం.

ప్రశ్న: మా అక్క బిడ్డకు ఇరవై మూడు నెలలు. ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చా? బర్త్ సర్టిఫికెట్ ఇంకా తీయలేదు.
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: వెళ్లేటప్పుడు కూర్చోబెట్టుకోవచ్చు. తిరిగొచ్చే తేదీ నాటికి రెండేళ్లు నిండితే ఆ టికెట్‌కు సీటు కొనాలి. చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. వయసు రుజువుకు బర్త్ సర్టిఫికెట్ లేకపోతే టీకాల కార్డునో, కాన్పు నాటి ఆసుపత్రి డిశ్చార్జి కాగితాన్నో ఒప్పుకునే సంస్థలున్నాయి, మీది ఒప్పుకుంటుందేమో ముందే అడగండి. ఏదీ చూపకపోతే పూర్తి ఛార్జీ కట్టమంటారు. సర్టిఫికెట్ సంగతి మాత్రం ఇక వాయిదా వేయకండి. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాల్సింది. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు లేనిదే నమోదు కాదు. ఆసుపత్రివాళ్లే అప్పట్లో నమోదు చేసి ఉంటే మీసేవలో కాపీ తీసుకుంటే సరిపోతుంది, ముందు అది కనుక్కోండి.

ప్రశ్న: మా చెల్లె, ఆమె భర్త విడిగా ఉంటున్నారు, కోర్టులో కేసుంది. పాపను నేను బెంగళూరు తీసుకెళ్తే ఇబ్బందా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు, నల్లగొండ

జవాబు: విమానం వాళ్లకు మీ కేసుతో పనిలేదు, కోర్టుకు ఉంది. పాపను ఊరు దాటించవద్దని ఉత్తర్వు ఉంటే ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. ఉత్తర్వు లేకపోయినా మీ వకీలును అడగకుండా టికెట్ తీయకండి. ఈ విషయంలో నా మాట కాదు, ఆయన మాట వినండి.

ప్రశ్న: పాపతోపాటు మామిడికాయ పచ్చడి, ఎండుకొబ్బరి పంపాలనుకుంటున్నాను. మహబూబ్‌నగర్ నుంచి ఎంత ముందు బయలుదేరాలి?
– ఒక అమ్మమ్మ

జవాబు: పచ్చడి చేతిసంచిలో వద్దు, నూనె కారకుండా కట్టి చెక్-ఇన్ బ్యాగులో వేయండి. ఎండుకొబ్బరిని ఇంట్లోనే వదిలేయండి. అందులో నూనె ఎక్కువ కాబట్టి మంటలంటుకునే సరుకు కింద చూస్తారు. కావాలంటే ముంబయిలోనే కొనుక్కుంటారు. సాధారణంగా చేతిసంచి 7 కిలోలు, లోపల వేసే బ్యాగు 15 కిలోలు. బస్సులో వస్తే షాద్‌నగర్ దాటి శంషాబాద్‌లో దిగండి, అక్కడి నుంచి ఆటోనో క్యాబో మాట్లాడుకోవచ్చు. విమానం వేళకు రెండు గంటల ముందు గేటు దగ్గర ఉండేలా చూసుకోండి. గంట ముందే కౌంటర్ మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు.