చందా ఆపేస్తే పాత డిజిటల్ సంచికలు ఎందుకు తెరుచుకోవు?

రెండేళ్లు డబ్బు కట్టాను, రద్దు చేయగానే పాత సంచికలూ పోయాయి, ఇదెక్కడి న్యాయం అని మీ ప్రశ్న. న్యాయం సంగతి పక్కన పెడితే, మీరు కొన్నది పత్రికను కాదు, చందా నడిచినంత కాలం చదువుకునే అనుమతిని.

డౌన్‌లోడ్ చేసుకున్నాను కదా అంటారేమో. ఫైలు ఫోన్‌లోనే ఉన్నా దానికి తాళం ఉంటుంది. యాప్ అప్పుడప్పుడు సర్వర్‌ను అడిగి, చందా ఉందంటేనే ఆ తాళం తీస్తుంది. దీన్నే డీఆర్ఎం అంటారు.

అయితే అన్ని చందాలూ ఒకటి కావు. వందల పత్రికలు కలిపి ఇచ్చే సర్వీసుల్లో గడువు తీరాక మామూలుగా ఏమీ మిగలదు. విడిగా కొన్న సంచికలు మాత్రం చాలాచోట్ల ఖాతాలోనే ఉంటాయి. అవి కనబడకపోతే, కొన్నప్పటి ఈమెయిల్‌తోనే లాగిన్ అయ్యారో లేదో చూసి, యాప్‌లో 'రీస్టోర్ పర్చేజెస్' ఉంటే నొక్కండి. సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

కాలిఫోర్నియాలో 2025 నుంచి, డిజిటల్ సరుకును 'కొనండి' అంటూ అమ్మేవాళ్లు అది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. చందా సర్వీసులకు అందులో మినహాయింపు ఉంది, అదే తమాషా!

ఈసారి ఏ పత్రికైనా తాళం లేని పీడీఎఫ్ ఇస్తుంటే, రద్దు చేసేముందే దింపుకోండి.