ఆయా జీతం ఏ పేజీలో ఉంది?

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మాయీ,

అడ్డా మీద రోజు కూలికి నిలబడే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రానికి కంపెనీవాళ్ళని డబ్బు అడుగుతూ నువ్వు రాసి పంపిన ప్రతిపాదన, పద్నాలుగు పేజీలూ చదివాను. చదివాక కోపం తగ్గుతుందేమోనని లేచి టీ పెట్టుకున్నాను. తగ్గలేదు. అందుకే ఇవాళే రాస్తున్నా.

పదకొండో పేజీ తియ్యి. బడ్జెట్ పట్టిక. కోఆర్డినేటర్‌కి ఒక గడి, డాక్యుమెంటేషన్‌కి ఒక గడి, ప్రారంభోత్సవానికి ఒక గడి. ఆయా ఎక్కడ? వెతగ్గా వెతగ్గా అట్టడుగున "ఇతర ఖర్చులు"లో దొరికింది: ఫినాయిలు, చీపుర్లు, ఆయా. అదే వరసలో! నెలకి నాలుగు వేలు. ముప్ఫై మంది పిల్లలకి ఒక్క మనిషి. మొదటి పేజీలో మాత్రం "మహిళా సాధికారత" ఐదుసార్లు ఉంది, లెక్కపెట్టాను.

ఒక్క చోట బాగా రాశావు. బోరబండలో అమ్మ అడ్డాకి పోతే, ఏడాది తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్ల. లోపల మేకుకి వేలాడుతున్న బడి సంచి. దాన్ని తీసుకెళ్ళి అనుబంధంలో పడేశావేం?

నేను పాతికేళ్ళుగా అందరికీ చెప్పి విసిగించే మాట నీకూ చెప్తున్నా. ముందు పట్టిక, తర్వాతే వాక్యాలు. పట్టికలో ప్రతి గడీ నీకు ఒక వాక్యం బాకీ, ప్రతి వాక్యమూ ఒక గడి బాకీ. గడి చూపించలేని వాక్యాన్ని కొట్టెయ్. నీ "సమగ్ర శిశు వికాసం" ఏ గడిలో ఉందో చెప్పు, ఉంచుకో.

గంటలతో మొదలుపెట్టు. ఏడుకల్లా అడ్డా మీద లేకపోతే మేస్త్రీ ఇంకొకరిని బండెక్కించుకుని పోతాడు. అంటే ఆరున్నరకే పిల్లవాణ్ణి అప్పజెప్పాలి. తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరు. పదకొండున్నర గంటలు. "అంగన్‌వాడీ ఉంది కదండీ" అని కంపెనీవాళ్ళు తప్పకుండా అడుగుతారు. 1975లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) కింద నడిచే అంగన్‌వాడీలో ఆటపాటల బడి మూడేళ్ళు నిండినవాళ్ళకి. అంతకంటే చిన్నవాళ్ళకి బాలామృతం పొడి ఇంటికిస్తారు గానీ మామూలు అంగన్‌వాడీలో రోజంతా పెట్టుకోరు. ఇక పగలు పిల్లల్ని చూసుకునే కేంద్రాల కోసం పెట్టిన జాతీయ క్రెష్ పథకం. 2017 మార్గదర్శకాల్లో ఒక కేంద్రానికి 25 మంది పిల్లలు, ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు, నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు. 2022లో మిషన్ శక్తి అనే కేంద్ర మహిళా పథకం కింద దానికి పాల్నా అని పేరు పెట్టారు. ఏడున్నరకీ పదకొండున్నరకీ మధ్య నాలుగు గంటలు మిగిలాయి చూడు, నువ్వు డబ్బు అడుగుతున్నది వాటికే. పద్నాలుగు పేజీల్లో ఆ మాట ఎక్కడా లేదు.

చట్టం ఉంది కదా అని కూడా అంటారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం, ఆడకూలీలు యాభై మంది దాటిన చోట ఆరేళ్ళలోపు పిల్లలకి గది ఉండాల్సింది. నేను గచ్చిబౌలి వైపు తిరిగే రోజుల్లో ఒక కాంట్రాక్టరు హాజరు పట్టీ తెరిచి చూపించాడు, సరిగ్గా నలభై ఎనిమిది పేర్లు. బయట తట్టలు మోస్తున్నవాళ్ళని నేనే లెక్కపెట్టాను, డెబ్భై దాటారు. అడ్డా కూలీకైతే ఆ దొంగ పట్టీ కూడా లేదు. ఇవాళొక మేస్త్రీ, రేపొకడు, ఒక ఇంటి స్లాబుకి ఐదారుగురు. ఏ చట్టం ఎవరిని పట్టుకుంటుంది? ఇది రాయి.

ఇప్పుడు నా తప్పు విను. నేను ముందు కథలు రాసేదాన్ని. ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో కూలి లెక్కలున్న పేరా కోసేసి, "కథలో కిరాణా చిట్టా ఎందుకమ్మా" అన్నాడు. (ఆ పేరా ఇప్పటికీ నా దగ్గరుంది. కథే పోయింది.) ఆ మాట లోపల ముల్లులా దిగబడిపోయింది. తర్వాత పొట్టకూటికి ప్రతిపాదనలు రాయడం పట్టుకుని, నారాయణగూడలో టైపు కొట్టించిన మొదటి పెద్ద కాగితంలో అంకెలన్నీ వెనక్కి నెట్టాను. మొత్తం తక్కువగా కనబడాలని ఆయా జీతం సగానికి కోశాను. డబ్బు మంజూరైంది, మిఠాయి పంచాం. నాలుగో నెలలో ఆయా మానేసింది. అపార్ట్‌మెంట్లలో మూడిళ్ళు పట్టుకుంటే రెట్టింపు వస్తుందంది, ఏమనగలను? ఇంకో మనిషి దొరకలేదు. సోమవారం పొద్దున తాళం కప్ప ముందు తల్లులు నిలబడ్డారు. ఒకావిడ నన్ను పల్లెత్తు మాట అనకుండా, పిల్లని ఎత్తుకుని అడ్డా వైపు నడిచింది. ఆ ఏడాది నివేదికలో "కార్యక్రమం విజయవంతం" అని రాసింది కూడా నేనే.

ఒకప్పుడు లాగ్‌ఫ్రేమ్ (లక్ష్యాలూ పనులూ ఫలితాలూ గడుల్లో నింపే పట్టిక) లేనిదే డబ్బిచ్చేవాళ్ళు కవరు విప్పేవాళ్ళు కాదు. ఇప్పుడు థియరీ ఆఫ్ చేంజ్ అట, ఏ పనివల్ల ఏ మార్పు వస్తుందో గీసి చూపే బొమ్మ. బాణం గుర్తులు ఎక్కువయ్యాయి, అంతే. "కూలీ" అని రాస్తే కొట్టేసి "లబ్ధిదారు" అని దిద్దిన ఒక ఆఫీసరుతో నేను మూడేళ్ళు వేగాను. నీ కాగితంలో ఆ లబ్ధిదారులు పేజీకి నలుగురైదుగురు కనబడ్డారు. వాళ్ళని పంపించెయ్.

2018లో కేంద్రం ఇచ్చిన క్రెష్ మార్గదర్శకాలు మూడేళ్ళలోపు పది మందికి ఒకరు ఉండాలంటాయి, పైవాళ్ళకి ఇరవై మందికి ఒకరు. నీ ముప్ఫై మందిలో సగం చిన్నవాళ్ళే. ఏ వేళలోనైనా ముగ్గురుండాలి, పదకొండున్నర గంటలూ ఆ ముగ్గురే చెయ్యలేరు కాబట్టి నలుగురికి తగ్గకూడదు. మొత్తం పెరుగుతుంది, పెరగనీ. కంపెనీవాళ్ళు తట్టుకోలేమంటే పిల్లల్ని ఇరవైకి తగ్గించు, జీతం జోలికి వెళ్ళకు.

సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు తీసుకోడానికి సంస్థ చేయించుకునేది) ఉందా? 2021 ఏప్రిల్ నుంచి అది లేని సంస్థకి కంపెనీలు సీఎస్ఆర్ డబ్బు ఇవ్వడం కుదరదు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు కూడా చూసుకో. లేకపోతే ముందు ఆడిటరు దగ్గరికి పరిగెత్తు. విదేశీ నిధుల గురించీ, ఫోటోల గురించీ ఏదో అడిగావు, ఇప్పుడు నాకు ఓపిక లేదు.

ఆ ఆయా ఎవరు? ఇప్పటికే మీ గదిలో పిల్లల్ని చూస్తోందన్నావు, పేరు మాత్రం ఎక్కడా లేదు. రేపు వెళ్ళి ఆమె పక్కన కూర్చో. మధ్యాహ్నం అన్నం ఎన్ని గంటలకి తింటుందో, తింటున్నంతసేపూ పిల్లల్ని ఎవరు పట్టుకుంటారో అడుగు. అది రాసుకుని, పదకొండో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు. మిగతా పదమూడూ ఇప్పుడు నాకొద్దు.

మీ అక్క