ఇళ్ళ గుర్తులు దాచడం కాదు, తీసేయండి

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి ఒక కుర్రాడి ప్రశ్న: ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో ఉచిత యాప్‌లో మ్యాప్ చేశాను, ఆ నీళ్ళతో పళ్ళు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు ఉన్నవాళ్ళ ఇళ్ళూ గుర్తుపెట్టాను, వాట్సాప్ గ్రూపులో ఎవరికీ అర్థం కావట్లేదు, ఏం చేయాలి? చెరువుల మ్యాపనీ, బస్సు రూట్ల మ్యాపనీ ఇదే గోడు చాలామంది రాస్తున్నారు.

లింకు తెరిచి చూశాను. వెనక శాటిలైట్ బొమ్మ, దాని మీద ఏడు రంగుల చుక్కలు, ప్రతి చుక్క పక్కన ఊరు, బోరు లోతు, రైతు పేరు. పత్తి చేల పచ్చదనంలో ఆకుపచ్చ చుక్కలు కలిసిపోయాయి. ఆ బొమ్మ తీసేసి లేత బూడిద రంగు పెట్టండి, రోడ్లు, చెరువులు, ఊరి హద్దులు చాలు. జనానికి కావలసింది ఒక్కటే, ఈ నీళ్ళు తాగొచ్చా, వద్దా? దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ బీఐఎస్ ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. అంటే మూడు మెట్లే కదా, ఒకే రంగులో లేత నుంచి ముదురుకు వేయండి. ఎరుపు, ఆకుపచ్చ జోడీ అసలొద్దు, ఆ తేడా తెలియని కళ్ళు మీ గ్రూపులోనే ఉండొచ్చు, పైగా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించే జిరాక్స్‌లో రెండూ బూడిదే.

స్కేలు 1:50,000 అని అంకెల్లో రాశారు, ఫోన్‌లో వేళ్ళతో పెద్దది చేయగానే అది తప్పవుతుంది. గీత స్కేలైతే బొమ్మతో పాటే సాగుతుంది. పైన ‘బోరు నీళ్ళు’ అనీ, నమూనా తీసిన నెలా రాయండి, లేకపోతే నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళకూ జనం భయపడతారు. పంపేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా. ఫొటోను వాట్సాప్ కుదించేస్తుంది, ముందు పోయేవి మన వత్తులే.

ఇవన్నీ సర్దుకుంటాయి. నాకు టెన్షన్ పెట్టింది ఆ ఇళ్ళ లేయర్, అంటే మ్యాప్ మీద ఇళ్ళ గుర్తులన్నీ ఉన్న పొర, పేరు, వయసు, ఫోన్ నంబరుతో సహా. కన్ను గుర్తు నొక్కి దాచేశానంటున్నారు. తమ్ముడూ, దాస్తే తెర మీద కనపడదు, అంతే. మీ లింకు నుంచి ఫైల్ దించుకుని తెరిస్తే అన్నీ వరసగా వచ్చాయి, పెళ్ళికెదిగిన ఆడపిల్లల పేర్లు కూడా. సంబంధాలు చూసేవాళ్ళ చేతిలో అది పడితే? పింఛను పెంచుతామని ఓటీపీ అడిగే దొంగలకు ఇంతకన్నా మంచి జాబితా ఎక్కడ దొరుకుతుంది? బోరు లెక్కలతో మాత్రమే కొత్త మ్యాప్ చేసి, రైతుల పేర్లూ వదిలేసి, పాతది పూర్తిగా డిలీట్ చేయండి. ఇప్పటికే దించుకున్నవాళ్ళ దగ్గర అది ఉంటుంది, అడిగి తీయించండి. ఊరికి ఎంతమందో అంకె వేస్తే చాలుగా అంటారేమో, ఇద్దరే ఉన్న ఊళ్ళో అంకె కూడా పేరు చెప్పినట్టే. మండలం మొత్తం కలిపి రాయండి.

తప్పంతా మీదే అనను. ‘దాచు’కూ ‘తీసేయి’కీ తేడా ఒక్క ముక్కలో చెప్పని యాప్‌లు, ‘చూడొచ్చు’, ‘మార్చొచ్చు’ మీటలను వేలు జారేంత దగ్గరగా పెట్టే యాప్‌లు, ఇవి చేసినవాళ్ళు తమ ఇంటి అడ్రసు వీటిలో పెట్టుకుంటారా?

గద్వాల నుంచి ఇంకొకరు, జిల్లాలవారీగా రంగులేస్తే తమ జిల్లానే కనపడట్లేదని. మీకు దొరికింది 2016 అక్టోబరు 11కు ముందు హద్దుల ఫైల్, అందులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ పాత మహబూబ్‌నగరే. ఆ తర్వాత చేసిన ఫైళ్ళలో కూడా 2019లో ఏర్పడిన నారాయణపేట లేనివి ఉన్నాయి. తెలంగాణ 33 జిల్లాలూ ఉన్నాయో లేదో ముందు లెక్కపెట్టి, అప్పుడు రంగులు మొదలుపెట్టండి.