టెక్ సందేహాలు: ఫోన్ మీదే, తాళం ఎవరి దగ్గర?

ఈ వారం ప్రశ్నలు చాలావరకు ఆఫీసు ఫోన్ల చుట్టూనే తిరిగాయి. ఫోన్ కంపెనీలు ఇప్పుడు ఒకే మోడల్‌ను ఇళ్లకూ అమ్ముతున్నాయి, ఆఫీసులకూ అమ్ముతున్నాయి. చేతిలోకి తీసుకుంటే రెండూ ఒకటే. లోపల అజమాయిషీ ఎవరిదన్నదే తేడా. చిక్కులన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

ప్రశ్న: ఆఫీసు మెయిల్ నా సొంత ఆండ్రాయిడ్ ఫోన్‌లో రావాలంటే 'వర్క్ ప్రొఫైల్' పెట్టుకోవాల్సిందేనని అంటున్నారు. నా ఫోటోలు, వాట్సాప్ వాళ్లకు కనిపిస్తాయా? ఉద్యోగం మానేస్తే ఫోన్ మొత్తం చెరిపేస్తారా? మా ఆవిడది ఐఫోన్. అందులోనూ ఇంతేనా?

సొంత ఫోన్‌లో మీరు పెట్టుకున్న వర్క్ ప్రొఫైల్ అయితే మీ ఫోటోలు వాళ్లకు కనిపించవు, వాటిని చెరపడం కూడా వాళ్ల వల్ల కాదు. ఒకే ఇంట్లో గోడ కట్టి, విడిగా తలుపు పెట్టిన రెండో వాటా లాంటిది ఇది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఈ ఏర్పాటు ఉంది. యాప్‌ల జాబితా తెరిస్తే 'పర్సనల్', 'వర్క్' అని రెండు ట్యాబ్‌లు కనిపిస్తాయి. ఆఫీసు వైపు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. ఐటీ విభాగం చేయి ఆ గుర్తున్న యాప్‌ల దాకానే పోతుంది. దాని అవతల వాళ్లకు తెలిసేవి ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, స్క్రీన్ లాక్ ఉందా లేదా లాంటివి. ఆండ్రాయిడ్ 12 నుంచి సొంత ఫోన్ల ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు నంబర్), సీరియల్ నంబర్లు కూడా వాళ్లకు అందవు. ఫోన్ లాక్‌కు గట్టి పిన్ పెట్టమని మాత్రం అడగగలరు. ఉద్యోగం మానేశాక వాళ్లు తీసేసేది ఆ వర్క్ వాటా ఒక్కటే.

కంపెనీయే కొనిచ్చిన ఫోన్ సంగతి వేరు. లాక్ స్క్రీన్ మీద 'ఈ పరికరం మీ సంస్థకు చెందినది' అన్న వాక్యం ఉంటే అది వాళ్ల ఫోనే. అలాంటి ఫోన్‌లో వర్క్ ప్రొఫైల్ ఉన్నా, పర్సనల్ వైపు కొన్ని యాప్‌లు వద్దని ఆపగలరు, కెమెరా ఆపగలరు, ఫోన్ మొత్తాన్ని రీసెట్ చేయగలరు. పిల్లల ఫోటోలు ఆ ఫోన్‌లో మాత్రమే ఉన్నాయంటే ఈ రోజే ఇంకో చోట కాపీ పెట్టుకోండి.

చాలామంది పట్టించుకోని ప్రమాదం మరొకటుంది. వర్క్ ప్రొఫైల్ ఊసే లేకుండా, ఫోన్‌తో వచ్చిన మెయిల్ యాప్‌లో ఆఫీసు ఎక్స్‌ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ ఆఫీసు మెయిల్ వ్యవస్థ) అకౌంట్‌ను నేరుగా కలుపుతుంటారు. అలా కలిపేటప్పుడు ఒక్కోసారి 'డివైస్ అడ్మిన్ యాప్‌ను యాక్టివేట్ చేయాలా?' అని ఒక తెర వస్తుంది. కింద ఉన్న అనుమతుల్లో మొదటి వరుస చదవండి. 'మొత్తం డేటాను తీసేయడం' అని ఉంటే, మీ అడ్మిన్ (ఆఫీసు ఫోన్లను చూసుకునే ఐటీ మనిషి) ఒక్క ఆదేశంతో ఫోన్‌ను ఫ్యాక్టరీ స్థితికి తేగలడని అర్థం. అక్కడే రద్దు నొక్కి, వర్క్ ప్రొఫైల్ గానీ ఔట్‌లుక్ యాప్ గానీ వాడతామని అడగండి. ఔట్‌లుక్ యాప్‌కు చెరిపివేత ఆదేశం వచ్చినా ఆ యాప్‌లోని డేటా వరకే పోతుంది. 'ప్రొఫైల్ పెట్టుకోండి' అంటే భయపడేవాళ్లు కనబడుతున్నారు గానీ, ఉద్యోగికి ఎక్కువ రక్షణ ఇచ్చేది నిజానికి ఆ ప్రొఫైలే.

ఐఫోన్‌ను ఆఫీసు అజమాయిషీలో చేర్చడానికి (దాన్నే ఎన్‌రోల్‌మెంట్ అంటారు) రెండు దారులున్నాయి. 2019లో ఐఓఎస్ 13తో వచ్చిన 'యూజర్ ఎన్‌రోల్‌మెంట్' సొంత ఫోన్ల కోసమే చేసింది. ఆఫీసు డేటా విడిగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఫోన్ మొత్తాన్ని చెరిపే వీలు అడ్మిన్‌కు ఉండదు. రెండోది పాత 'డివైస్ ఎన్‌రోల్‌మెంట్'. ఇందులో ఆ వీలు ఉంటుంది. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో 'వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్' తెరిచి, ఆఫీసు అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యే పద్ధతి అయితే సాధారణంగా మొదటిది. లింకు నొక్కి ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేయమన్నారంటే ఎక్కువగా రెండోది. సైన్ ఇన్ పద్ధతే ఇవ్వమని మీ ఆవిడను అడగమనండి.

వాడకంలో వచ్చే తంటాలు కొన్ని. ఆఫీసు మెయిల్ నోటిఫికేషన్లు ఉన్నట్టుండి ఆగిపోతే ముందు వర్క్ ట్యాబ్ తెరిచి చూడండి, 'పాజ్'లో ఉండి ఉంటుంది. ఫోన్ మార్చినప్పుడు వర్క్ ప్రొఫైల్ కాపీ అయి రాదు, కొత్త ఫోన్‌లో మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. ఒక ఫోన్‌లో ఒక్క వర్క్ ప్రొఫైలే పడుతుంది కనుక రెండు సంస్థలకు పనిచేసేవాళ్లకు ఇది కుదరదు. కాంటాక్టుల దగ్గర మరీ జాగ్రత్త. కొత్త నంబర్ సేవ్ చేసేటప్పుడు పైన ఏ అకౌంట్ పేరుందో చూడండి. ఆఫీసు అకౌంట్‌లోకి వెళ్లిన నంబర్లు ఉద్యోగంతోపాటే పోతాయి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఫోన్ కొన్నాను. బాగానే పనిచేసింది. రీసెట్ చేయగానే ఎవరిదో కంపెనీ పేరు చూపించి లాగిన్ అడుగుతోంది. అన్‌లాక్ చేస్తామని కొందరు అంటున్నారు. ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. ఆ తాళం మీ ఫోన్‌లో లేదు, సర్వర్‌లో ఉంది. సంస్థలు టోకుగా కొనే ఫోన్ల ఐఎంఈఐ లేదా సీరియల్ నంబర్లు ముందే ఒక పట్టికలోకి ఎక్కుతాయి. ఐఫోన్లకు అది యాపిల్ బిజినెస్ మేనేజర్, శాంసంగ్‌కు నాక్స్ మొబైల్ ఎన్‌రోల్‌మెంట్, మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ జీరో-టచ్. రీసెట్ అయిన ఫోన్ నెట్‌కు తగలగానే 'నేను ఎవరి ఫోన్‌ను?' అని ఆ సర్వర్‌ను అడుగుతుంది. పట్టికలో పేరుంటే ఆ సంస్థ సెటప్ తెరే వస్తుంది. ఐఫోన్‌లో అది 'రిమోట్ మేనేజ్‌మెంట్' అని కనిపిస్తుంది. అన్‌లాక్ చేస్తామనేవాళ్లు ఆ తెరను ఒకసారి దాటిస్తారంతే. తరువాత రీసెట్ చేసినప్పుడు మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు.

దీన్ని పాత యజమాని గూగుల్ అకౌంట్ అడిగే తాళంతో కలిపేసుకోవద్దు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఆ తాళం వ్యక్తిది. అతను పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది. కంపెనీ తాళాన్ని కంపెనీ అడ్మినే తీయాలి. శాంసంగ్ ఫోన్లలో నాక్స్ గార్డ్ అని మూడోది కూడా ఉంది. వాయిదాల మీద ఇచ్చిన ఫోన్‌కు బాకీ ఆగితే తాళం పడేది దాంతోనే. తెర మీద ఏ పేరుందో అక్షరం వదలకుండా రాసుకుంటే, మీకు పడింది వీటిలో ఏదో తెలుస్తుంది.

మీరు చేయగలిగింది ఒకటే. ఫోన్‌లో *#06# కొట్టి ఐఎంఈఐ తీసుకోండి. డయలర్ తెరుచుకోకపోతే పెట్టె మీదో సిమ్ ట్రే మీదో చూడండి. కొన్న బిల్లు జతచేసి, తెరమీద పేరున్న సంస్థ ఐటీ విభాగానికి రాయండి. నిజంగా పాతవి అమ్మేసినవే అయితే, వాళ్లు తమ పట్టికలోంచి ఆ నంబర్ తీసేయడం కొద్ది నిమిషాల పని. తీసేశాక మీరు మరోసారి రీసెట్ చేస్తే చాలు. అది దొంగిలించిన ఫోనని వాళ్లు చెబితే అమ్మినవాడి దగ్గర డబ్బు వెనక్కి అడగాలి తప్ప వేరే దారి లేదు.

కొనబోయేవాళ్లు డబ్బు ఇవ్వకముందే అమ్మేవాళ్ల ఎదురుగా రీసెట్ చేయించాలి. వైఫై కలపాలి, హోమ్ స్క్రీన్ వచ్చేదాకా సెటప్ పూర్తి చేయాలి. వైఫై దగ్గర 'స్కిప్' నొక్కనివ్వకండి. నెట్ లేకపోతే ఆ సర్వర్ ప్రశ్న వెళ్లదు, తాళం బయటపడదు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్ తెరవగానే పైన 'ఈ ఐఫోన్ పర్యవేక్షణలో ఉంది' అనే అర్థం వచ్చే వాక్యం ఉందేమో కూడా చూడండి.

ప్రశ్న: మా సంస్థకు 25 ఫోన్లు కొనాలి. కొందరు ఐఫోన్ అంటారు, కొందరు శాంసంగ్, కొందరు పిక్సెల్. వ్యాపారానికి ఏది మేలు?

బ్రాండు కన్నా ముందు మూడు తేదీలు చూడండి. ఫోన్ మార్కెట్లోకి వచ్చిన తేదీ, మీరు కొనే తేదీ, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగే తేదీ. ప్రకటనల్లో '7 ఏళ్ల అప్‌డేట్లు' అని పెద్దగా రాస్తారు, ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ విడుదల నుంచి. 2023 అక్టోబర్‌లో వచ్చిన పిక్సెల్ 8తో గూగుల్ 7 ఏళ్ల మాట ఇచ్చింది, అంటే 2030 అక్టోబర్ దాకా. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ కూడా అదే మాట ఇచ్చింది, అంటే 2031 తొలినాళ్ల దాకా. చవగ్గా వస్తోందని ఎస్24ను 2028లో కొంటే మీకు మిగిలేది మూడేళ్లే. యాపిల్ ఇలా పెద్ద ప్రకటనలు చేయలేదు గానీ ఆచరణలో ఎక్కువకాలమే ఇస్తూ వచ్చింది. 2015లో ఐఓఎస్ 9తో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021లో ఐఓఎస్ 15 కూడా అందింది.

తరువాత ఎవరు, ఎక్కడ వాడతారన్నది. గోదాములోనో డెలివరీలోనో రెండు షిఫ్టుల్లో చేతులు మారే ఫోనైతే శాంసంగ్ ఎక్స్‌కవర్ వరుస చూడండి. ఎక్స్‌కవర్6 ప్రో, ఎక్స్‌కవర్7 రెండింటికీ 4050 ఎంఏహెచ్ బ్యాటరీ ఊడదీసి మార్చుకునే రకం. ఛార్జ్ చేసిన రెండో బ్యాటరీ పక్కన ఉంటే పని ఆగదు. మామూలు ఫోన్లను రోజుకు రెండుసార్లు ఛార్జ్ చేస్తూ పోతే రెండేళ్లలోపే బ్యాటరీ నీరసిస్తుంది. ఐఫోన్ 14 దాకా 500 పూర్తి ఛార్జింగ్‌ల తరువాత 80 శాతం సామర్థ్యం నిలిచేలా చేశామని యాపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి అది 1000. రోజుకు రెండు పూర్తి ఛార్జింగ్‌లంటే మొదటిది ఎనిమిది నెలల మాట, రెండోది ఏడాదిన్నర మాట. బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగికి ఈ లెక్కతో పనిలేదు.

25 ఫోన్లను ఒక్కొక్కటీ చేత్తో సెటప్ చేయొద్దు. 'మా సంస్థ ఎన్‌రోల్‌మెంట్ ఖాతాలోకి ఐఎంఈఐలు ఎక్కించి ఇస్తారా?' అని అమ్మేవాళ్లను కొనకముందే అడగండి. జీరో-టచ్‌లో ఫోన్లను ఎక్కించగలిగేది అధీకృత విక్రేత మాత్రమే. ఎక్కడో విడిగా కొని తరువాత కలుపుదామంటే కుదరదు. అప్పుడు మిగిలేది క్యూఆర్ పద్ధతి. రీసెట్ చేసిన ఫోన్ స్వాగత తెర మీద ఒకే చోట ఆరుసార్లు తట్టండి, కెమెరా తెరుచుకుంటుంది, మీ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన క్యూఆర్ కోడ్ చూపించండి. విడిగా కొన్న ఐఫోన్లను యాపిల్ కాన్ఫిగరేటర్‌తో కలపొచ్చు గానీ, మొదటి 30 రోజుల్లో వాడే మనిషి ఆ అజమాయిషీని తనే తీసేసుకోగలడు. ముందు రెండు ఫోన్లతో వారం రోజులు నడిపి చూసి, ఆపైన మిగతా 23 తెరవండి.

ఐఫోన్లు ఎంచుకుంటే ఇది గోడ మీద రాసి పెట్టుకోండి: ఫోన్లకు ఆదేశాలు పంపే యాపిల్ పుష్ సర్టిఫికెట్ గడువు ఏడాది. ఏటా అదే యాపిల్ అకౌంట్‌తో రెన్యువల్ చేయాలి. మర్చిపోతే ఫోన్లకు ఆదేశాలు ఆగిపోతాయి. వేరే అకౌంట్‌తో కొత్త సర్టిఫికెట్ తీస్తే పాత ఫోన్లతో బంధం తెగి 25 ఫోన్లనూ మళ్లీ మొదటినుంచి ఎన్‌రోల్ చేయాల్సి వస్తుంది. ఇలా తెగడానికి తరచూ కారణం, ఆ అకౌంట్‌ను ఒక ఉద్యోగి సొంత మెయిల్‌తో తెరవడం, అతను తరువాత వెళ్లిపోవడం. సంస్థ పేరుతో ఒక ఉమ్మడి మెయిల్ పెట్టి దాంతోనే తెరవండి.

బ్రాండు చెప్పక తప్పదంటే నా మాట ఇది: అందరూ కూర్చుని పనిచేసే చోటైతే మీ ఉద్యోగులు ఇప్పటికే వాడుతున్న రకం, బయట తిరిగే పనైతే బ్యాటరీ మార్చగల ఆండ్రాయిడ్. రెండు రకాలూ కలపొద్దు. ఇంత చిన్న సంస్థలో రెండు పద్ధతులు నడపడం అడ్మిన్‌కు రెట్టింపు చాకిరీ.

ప్రశ్న: ఒకప్పుడు ఆఫీసు ఫోనంటే బ్లాక్‌బెర్రీ. అంత పట్టున్న కంపెనీ ఎలా పోయింది?

ఫోన్‌ను ఎంచుకునే మనిషి మారిపోయాడు. బ్లాక్‌బెర్రీని ఎంచుకున్నది ఐటీ విభాగం. సంస్థలో ఒక సర్వర్, కెనడాలోని ఆ కంపెనీ సొంత నెట్‌వర్క్, చేతిలో కీబోర్డు ఫోన్, మూడూ ఒకే గొలుసు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో యాప్ స్టోరూ లేదు, ఎక్స్‌ఛేంజ్ మెయిలూ లేదు. ఆఫీసులు దాన్ని పక్కన పెట్టడంలో తప్పేమీ లేదు. 2008 జూలైలో రెండో వెర్షన్ సాఫ్ట్‌వేర్‌తో ఎక్స్‌ఛేంజ్, దూరం నుంచి చెరిపే సౌకర్యం వచ్చాయి. 2010లో ఐఓఎస్ 4తో, ఫోన్లను నిర్వహించే ద్వారాన్ని బయటి సాఫ్ట్‌వేర్లకు తెరిచారు. ఈలోగా ఉద్యోగులు ఇంట్లో వాడే ఫోన్‌నే జేబులో పెట్టుకుని ఆఫీసుకు వచ్చి, మెయిల్ ఇందులోనే ఇవ్వమని అడగడం మొదలుపెట్టారు. 2013లో శాంసంగ్ నాక్స్ అనే భద్రతా ఏర్పాటుతో అదే తలుపు తట్టింది.

ఆఫీసు, సొంత డేటాలను ఒకే ఫోన్‌లో విడదీసే 'బ్యాలెన్స్' అనే చక్కని ఏర్పాటు బ్లాక్‌బెర్రీ 10లోనూ ఉంది. బ్లాక్‌బెర్రీ 10 సాఫ్ట్‌వేర్ మాత్రం 2013 జనవరిలో గానీ రాలేదు. అప్పటికి కావలసిన యాప్‌లన్నీ వేరే చోట ఉన్నాయి. సొంతంగా ఫోన్లు తయారుచేయడం ఆపుతున్నట్టు 2016లో ప్రకటించారు. పాత బ్లాక్‌బెర్రీ సాఫ్ట్‌వేర్ ఫోన్లకు సేవలు 2022 జనవరి 4న ఆగిపోయాయి. ఇంట్లో అటకమీద ఒకటి ఉంటే దాన్ని అవసరానికి పనికొస్తుందని నమ్ముకోకండి. ఆ తేదీ తరువాత వాటిలో కాల్స్, మెసేజ్‌లు కూడా సరిగా పనిచేస్తాయన్న భరోసా లేదని కంపెనీయే చెప్పింది.

ప్రశ్న: నా శాంసంగ్ ఫోన్‌ను రూట్ చేసి (కంపెనీ పెట్టిన పరిమితులు తొలగించి), తిరిగి అసలు సాఫ్ట్‌వేరే ఎక్కించాను. అయినా సెక్యూర్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు, ఆఫీసు యాప్ ఒప్పుకోవడం లేదు. ఎలా సరిచేయాలి?

సరికాదు. శాంసంగ్ ఫోన్లలో నాక్స్ కోసం చిప్‌లోనే ఒక ఎలక్ట్రానిక్ ఫ్యూజ్ ఉంటుంది. అధికారికం కాని సాఫ్ట్‌వేర్ ఎక్కిన క్షణాన అది కాలిపోతుంది, విలువ 0 నుంచి 1కి మారుతుంది. సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి తెచ్చినా కాలిన ఫ్యూజ్ వెనక్కి రాదు. డౌన్‌లోడ్ మోడ్‌లోకి వెళ్తే 'వారంటీ వాయిడ్' అన్న వరుసలో ఆ అంకె కనిపిస్తుంది. దాన్ని మార్చాలంటే మదర్‌బోర్డు మార్చాలి. ఆ ఫోన్‌ను మామూలు వాడకానికి ఉంచుకుని, ఆఫీసు పనికి ఇంకోటి చూసుకోండి. పాత శాంసంగ్ ఫోన్ కొనేవాళ్లు కూడా రీసెట్ పరీక్షతోపాటు ఆ అంకె 0గా ఉందో లేదో ఒకసారి చూసుకోండి.