కిరాయి కారు తీసుకునే ముందు, బిడ్డా

బిడ్డా,

దోస్తులతోటి కారు కిరాయికి తీసుకొని హైదరాబాద్ నుంచి ఇటు వస్తున్నవని, రామప్ప, లక్నవరం చూసుకొని తాడ్వాయి దాకా పోతరని మీ బాపు ఫోన్ల చెప్పిండు. రండి. రాత్రికి హనుమకొండల మన ఇంట్ల పండుకొని పొద్దుగాల బయల్దేరితే ములుగు రోడ్డు మీద రద్దీ తక్కువ ఉంటది. నువ్వు బండి నడుపుడు గురించి నాకు బుగులు లేదు. నా రందంతా ఆ కారు కాయితాల గురించే. నీకు సొంత కారు లేదు, నీ పేర పాలసీ లేదు. అంటే ఆ బండి మీదున్న పాలసీయే నీకు దిక్కు. అది ఎవరికి ఆసరా అయితదో, ఎవరికి కాదో తాళంచెవి చేతికి రాకముందే నువ్వు తెలుసుకోవాలె. ఇన్సూరెన్స్ ఆఫీసుల మోటారు క్లెయిముల ఫైళ్లు చూసుకుంట కొలువు చేసినోణ్ని, ఇది నేను చెప్పకుంటే ఎవరు చెప్తరు?

బుక్ చేసేటప్పుడు 'డ్యామేజ్ ప్రొటెక్షన్' అని ఇంకొన్ని పైసలు అడుగుతరు. అది కట్టినంక అన్నిటికీ ఇన్సూరెన్స్ అయిపోయిందని చాలామంది అనుకుంటరు. కారుకు సొట్ట పడితే నువ్వు వాళ్లకు కట్టేదానికి అది ఒక హద్దు పెడుతది, అంతే. అందుల కూడా టైర్లు, అద్దాలు, బండి కింది భాగం చాలాచోట్ల రావు. నీ బండి తగిలి ఒక మనిషి పడిపోతే ఆ మనిషికి దాంట్ల రూపాయి కూడా లేదు. ఆయనకు, ఆయన ఇంటోళ్లకు పరిహారం రావాల్సింది థర్డ్ పార్టీ పాలసీ నుంచి, అంటే బండితోటి ఎదుటోళ్లకు అయ్యే నష్టానికి ఉండే పాలసీ. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఆ పాలసీ లేని బండి రోడ్డెక్కొద్దు. ప్రాణం పోయినా, గాయమైనా ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత లెక్కగడితే అంత కంపెనీ కట్టాలె, దానికి పరిమితి లేదు. ఎదుటోళ్ల ఆస్తి నష్టానికి మాత్రం కారు పాలసీల మామూలుగ 7.5 లక్షల దాకనే.

ఇగ నువ్వు అన్నిటికన్న గట్టిగ పట్టుకోవాల్సింది ప్లేటు రంగు. కిరాయికి తీసుకొని మనమే నడుపుకునే కార్లకు నల్ల ప్లేటు మీద పసుప్పచ్చ అక్షరాలుంటయి. సొంత బండికి తెల్ల ప్లేటు. అయితే మన దిక్కు మేడారం జాతర వచ్చిందంటే, పెండ్లిళ్లు మొదలైనయంటే, తెల్ల ప్లేటు కార్లనే రోజుకింత అని ఇస్తుంటరు. యాప్‌లల్ల కూడా జనాల సొంత కార్లు కనబడుతున్నయి. తక్కువకు వస్తది, తెలిసినోళ్లే అని తీసుకోకు. ఆ బండిని దేనికి వాడొచ్చో పాలసీ మీద రాసి ఉంటది, కిరాయికి వాడొద్దని కూడా అక్కడనే ఉంటది. కిరాయికి తిప్పే పర్మిట్ లేని బండిని కిరాయికి వాడితే కంపెనీ ఆ కారణం చూపి తప్పుకోవచ్చని చట్టం 150వ సెక్షన్లనే ఉన్నది.

అట్లాంటి ఫైలు ఒకటి నాకు ఇంకా యాదిల ఉన్నది. ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్ముకొని బైకు మీద ఇంటికి పోతున్న రైతు. కాలు పోయింది. కారు ఒకాయనది, నడిపింది ఇంకో ఊరి పిలగాడు, నీ ఈడోడే. కిరాయి పైసలు ఖాతాల వేసిన లెక్క దొరికింది, కంపెనీ వకీలు ఆ కాయితాన్నే పట్టుకున్నడు. ఇసొంటి కేసులల్ల ట్రిబ్యునల్ ఒక్కోసారి ముందు మీరు కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోండ్రని కంపెనీకి చెప్తది. ఒక్కోసారి కంపెనీని పూర్తిగ వదిలేస్తది. వదిలేస్తే యజమాని, నడిపినోడు కలిసి కట్టాలె. ఆ పిలగాని దగ్గర ఏమున్నది కట్టనీకి? కోర్టు వసూలుకు దిగినా, పనికి పోలేని ఆ రైతు ఇంట్ల పొయ్యి అప్పటిదాకా ఎట్ల మండాలె? అందుకే బిడ్డా, ఈ ఒక్క విషయంల మొహమాటం వద్దు.

బండి నంబరు తెలియంగనే సర్కారు వాళ్ల ఎంపరివాహన్ యాప్‌ల కొట్టి చూడు. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఏ తారీఖు దాకా ఉన్నయో వస్తది. మీరు తిరిగొచ్చే రోజు దాకా ఉండాలె.

నీ సంగతికొస్తే, బండి యజమాని నడుపుతూ ప్రమాదంల పోతే వచ్చే 15 లక్షల కవర్ ఒకటి ఉంటది. అది రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉన్నదో వాళ్లకే. కిరాయికి నడిపే నీకు రాదు. ఇంకొకరి బండి అడిగి తెచ్చుకొని నడిపినోడు యజమాని స్థానంల ఉన్నట్టే లెక్కని, తాను నడిపే బండి పాలసీల థర్డ్ పార్టీ కాలేడని సుప్రీంకోర్టు కూడా 2009ల ఒక కేసుల చెప్పింది. కాబట్టి నీ పేర విడిగ వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకో. నీ జీతానికి అది బరువు కాదు. బ్యాంకుల ఏడాదికి 20 రూపాయలతోటి ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నది గద, అది కూడా పెట్టుకో, కానీ దాని 2 లక్షలతోటే సరిపెట్టుకోకు. దోస్తుల గురించి కూడా ఆలోచించు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఉన్న సొంత కారుల ఊకె ఎక్కి కూసున్నోళ్లకు పరిహారం రాదు. మీరు తీసుకునే బండి పాలసీల లోపల కూసున్నోళ్లకు కవర్ ఉన్నదా అని రాతపూర్వకంగ అడుగు, నోటిమాట వద్దు.

బుకింగ్‌ల పేరున్నోళ్లే నడపాలె. తాడ్వాయి తొవ్వల పస్రా దాటినంక అడవి రోడ్డు బాగున్నది, ఒక్కసారి ఇయ్యే అని ఎవరన్న అడుగుతరు. ఇయ్యకు. తాగినోళ్ల చేతికి అసలే వద్దు, 2019 సవరణ తర్వాత తాగి నడుపుడు కూడా కంపెనీ తప్పుకునే కారణాలల్ల చేరింది.

ఏమన్న జరిగితే (జరగొద్దు) భయపడి ఉరకకు. 108కి ఫోన్ చెయ్యి, దెబ్బ తగిలినోళ్లను దవాఖానకు చేర్చు. జనం మీదికొస్తరనిపిస్తే దగ్గర్ల ఉన్న ఠాణాకు పోయి నువ్వే చెప్పు, 24 గంటలు దాటనియ్యకు. కారు ఇచ్చినోళ్లకు, ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు తెలపాలె. మన ఊర్లల్ల పెద్దమనుషులు పంచాయితీ పెట్టి ఇంత ఇచ్చి పొమ్మంటరు. దవాఖాన ఖర్చుకు అక్కెరపడితే మనిషిగ సాయం చెయ్యి. కానీ తప్పు నాదే, ఇంత ఇస్త అని కాయితం మీద సంతకం పెట్టకు. కంపెనీకి చెప్పకుండ ఒప్పందం చేసుకుంటే పాలసీ షరతు తప్పినట్టయితది, అప్పుడు ఆ దెబ్బ తగిలినాయనకు పెద్ద పరిహారం రావాల్సిన దారి కూడా ముడివడుతది.

బుక్ చేసే ముందు పాలసీ కాపీ అడిగి అన్ని పేజీల ఫోటోలు నాకు వాట్సాప్‌ల పంపు. కాపీ ఇచ్చేది లేదన్నోళ్ల బండి తీసుకోకు. రాత్రి 10 దాకా మేలుకొనే ఉంట, చూసి అప్పటికప్పుడే చెప్త.

మీ పెద్దబాపు
హనుమకొండ