పొట్టి తూటాకు పొడవైన యాక్షన్ ఎందుకు?

ప్రశ్న: మా తాతగారి వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ లైసెన్సుతో నా పేరిట ఉంది. అది .22 హార్నెట్ తూటాది. అంత చిన్న తూటాకు రిసీవర్ (బోల్టు కదిలే లోహపు చట్రం) అంత పొడవుగా ఉండడం, మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టెలో) మిగిలిన చోటును రేకుతో మూసివేయడం వింతగా ఉంది. ఆ రేకు తీస్తే .220 స్విఫ్ట్ తూటా పడుతుందని మిత్రుడొకరు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మహారాణిపేట, విశాఖపట్నం

జవాబు: పొడవు వరకు చూస్తే మీ మిత్రుడి మాట నిజమే, కానీ తూటా మ్యాగజైన్‌లో పట్టినంత మాత్రాన పేలదు. యాక్షన్, అంటే తూటాను లోపలికి నెట్టి, పేలాక ఖాళీ గొట్టాన్ని బయటికి తీసే యంత్రాంగం, దాని పొడవును నిర్ణయించేది తూటా శక్తి కాదు, గుండుతో (దూసుకెళ్లే ముందు భాగంతో) కలిపి తూటా మొత్తం పొడవు. సుమారు 85 మిల్లీమీటర్ల .30-06 తూటా లాంగ్ (పొడవైన) యాక్షన్‌కు, 71 మిల్లీమీటర్ల .308 తూటా షార్ట్ (పొట్టి) యాక్షన్‌కు కొలమానాలుగా స్థిరపడ్డాయి. 1935లో వచ్చిన స్విఫ్ట్ 48 గ్రెయిన్ల (సుమారు 3 గ్రాముల) గుండును సెకనుకు 4,110 అడుగుల వేగంతో పంపేదిగా పేరు పొందినా, దాని పొడవు 68 మిల్లీమీటర్లే.

అమెరికాలో పొలాలను తవ్విపోసే ఉడ్‌చక్ వంటి చిన్న జంతువుల కోసం పుట్టిన ఇలాంటి తూటాలకు వించెస్టర్ అప్పట్లో వేరే రిసీవర్ చేయలేదు. పాత మోడల్ 70లో 44 మిల్లీమీటర్ల హార్నెట్ మొదలు 91 మిల్లీమీటర్ల .375 మాగ్నమ్ వరకు రిసీవర్ పొడవు ఒక్కటే, మారేవి లోపలి అమరికలు. ఒకే సైజు చొక్కా కుట్టి ఇంటిల్లిపాదికీ తొడిగినట్టున్నా, తయారీ ఖర్చు దృష్ట్యా అది తెలివైన పనేనని నా అభిప్రాయం. మరో తుపాకుల కంపెనీ రెమింగ్టన్ మాత్రం 1948లో పొడవైన యాక్షన్‌తో 721 రైఫిల్‌ను, పొట్టి యాక్షన్‌తో 722ను వేర్వేరుగా తెచ్చింది. 1950 నాటి .222 తూటా ఈ 722తోనే వచ్చింది.

పొట్టి యాక్షన్ అన్నివేళలా మేలని అనుకోకూడదు. 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటా గొట్టం నుంచి పుట్టి, 1934లో రెమింగ్టన్ విపణిలోకి తెచ్చిన .257 రాబర్ట్స్‌ను 722 మ్యాగజైన్‌లో ఇమడ్చాలంటే బరువైన గుండును తూటా గొట్టంలోకి లోతుగా దించవలసి వస్తుంది, దానితో మందుకు చోటు తగ్గుతుంది. పొడవైన మ్యాగజైన్ ఉంటే, ఛాంబరు (పేలేటప్పుడు తూటా కూర్చునే గది) అనుమతించినంత మేర గుండును బయటికి ఉంచవచ్చు.

ఇక మీ రైఫిల్ సంగతి. హార్నెట్ తూటా అడుగు అంచు వ్యాసం సుమారు 9 మిల్లీమీటర్లు, స్విఫ్ట్‌ది 12. తూటా అడుగును పట్టే బోల్టు ముఖం, ఛాంబరు రెండూ సరిపోవు. పైగా లైసెన్సు లేకుండా తుపాకిని మార్చడాన్ని 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ఒప్పుకోదు. ఆ రేకును కదపకండి, పాత హార్నెట్ మోడల్ 70లకు సరిపోయే మరొకటి దొరకడం కష్టం.