పిట్ట అంటే మొరటా?

సందేహం: మా ఇల్లు వర్షారణ్యం అంచున ఉన్న పల్లెలో. రోజూ తెల్లవారుజామున వరండాలో కూర్చుని, వచ్చిపోయే పక్షుల గురించి నోటుపుస్తకంలో రాసుకుంటాను. 'కొమ్మ మీద పిట్ట కూర్చుంది' అని రాస్తే, చదివిన మిత్రుడు 'పిట్ట మొరటు మాట, పక్షి అనాలి' అన్నారు. నిజమేనా? 'వర్షాడవి' అని రాయవచ్చా?

సమాధానం: పిట్ట మొరటు మాట కానే కాదు. పక్షి సంస్కృతం, పక్షాలు, అంటే రెక్కలు, కలది అని అర్థం. పిట్ట అచ్చతెలుగు. అంతే తేడా. పైగా మీరు అడవి పక్కన ఉన్నారు కాబట్టి ఈ సంగతి తప్పక చెప్పాలి. ఆసియా, ఆస్ట్రేలియా వానడవుల్లో రాలిన ఆకులు కదుపుతూ పురుగులు, నత్తలు ఏరుకుతినే రంగురంగుల పక్షులున్నాయి. పొట్టి తోక, పొడుగు కాళ్లు. వాటి ప్రజాతికి 1816లో ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త వియెయో పెట్టిన పేరు 'పిట్టా'. అది మన పిట్టే! శాస్త్రం నెత్తిన పెట్టుకున్న మాటను మనం మొరటనడం నాకు బాధగా ఉంటుంది.

అయితే విడిగా వాడినప్పుడు పిట్టలో చిన్నదనే భావం ఉంది. 'పిట్ట కొంచెం కూత ఘనం' అన్నది అందుకే. గద్దను చూపించి 'అదుగో పిట్ట' అంటే చెవికి ఎబ్బెట్టు. అక్కడ పక్షే తగును. పేరు చివర చేరితే మాత్రం ఈ పట్టింపు ఉండదు. లకుముకిపిట్ట, తేనెపిట్ట చిన్నవే కానీ, దాదాపు మీటరు ఎత్తుండే బట్టమేకపిట్టను కూడా జనం పిట్టే అన్నారు.

మీ మిత్రుడు పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది: 'కూర్చుంది'. తప్పు కాదు. కానీ మీరు చూస్తుండగానే గాలిలోంచి దిగి కొమ్మ పట్టుకుంటే అది 'వాలింది'. మీరు చూసేసరికే అక్కడుంటే 'కూర్చుని ఉంది'. రాకను చూశారా లేదా అన్నది ఆ ఒక్క క్రియే చెప్పేస్తుంది.

'వర్షాడవి' వద్దు. అడవి సంస్కృత 'అటవి' నుంచి మారి వచ్చిన మాట, అంటే తద్భవం. సవర్ణదీర్ఘసంధి సంస్కృత పదాల మధ్యనే. వర్షారణ్యం, వర్షాటవి సరే. తెలుగులోనే కావాలంటే వానడవి ఉంది, నాకు అదే ఇష్టం.

ఆ ఆకుల దట్టంలో చాలా పిట్టలు కంటికంటే ముందు చెవికే దొరుకుతాయి. అన్నిటికీ 'అరిచింది' అని రాసేయకండి. ఒకే తీరున పదేపదే వినిపించేది కూత. బెదిరినప్పుడు చటుక్కున వచ్చేది అరుపు. గుంపుగా చేరి చేసే సందడి కిచకిచ. దేన్నయినా విన్నారే తప్ప చూడలేదనుకోండి, 'కూత వినపడింది, పిట్ట కనపడలేదు' అని అలాగే రాసుకోండి.